జోన్-3 అన్నాక ఇంకా మిగిలే లెక్క: విజయవాడ, గుంటూరు కింద నేల

2024 డిసెంబర్ 4 పొద్దున 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా మేడారం దగ్గర భూమి కదిలింది. మాగ్నిట్యూడ్ 5.3. అక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న విజయవాడలో కూడా అపార్ట్‌మెంట్ల పై అంతస్తులు ఊగాయి. జనం మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చారు. అదే నెల 21, 22, 23 తేదీల్లో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా మూడు రోజులు చిన్న చిన్న ప్రకంపనలు వచ్చాయి. ఒకటి మనకు ఉత్తరాన, ఇంకొకటి దక్షిణాన. మధ్యలో విజయవాడ, గుంటూరు. మన ఊరు సేఫేనా అన్న ప్రశ్న ఇంటింటా వినిపించింది.

దానికి అందరూ చెప్పే జవాబు ఒకటే: "మనది జోన్-3, మధ్యస్థం." ఈ మాట విని కొందరు నిశ్చింతగా ఉంటారు, కొందరు భయపడతారు. నిజానికి ఆ అంకె ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండలేం, భయపడాల్సిన పనీ లేదు. జోన్ అనేది లెక్కలో మొదటి మెట్టు మాత్రమే. ఇంటి కింద ఉన్న మట్టి రెండోది. పార్కింగ్‌లో నిలబడ్డ పిల్లరు లోపల, నిలువు ఊసల చుట్టూ కట్టే ఇనప రింగులు ఎలా వంచారన్నది మూడోది. మన ప్రాంతం వరకు చూస్తే మొదటి దానికంటే ఈ చివరి రెండే ఎక్కువ బరువైనవని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే కాస్త కిందికి దిగాలి.

పటంలో ఆ రంగు ఎక్కడిది

దేశంలో కట్టడాలు భూకంపాన్ని తట్టుకోవడానికి ఐఎస్ 1893 అనే ప్రమాణం ఉంది. 1962లో మొదటిసారి వచ్చింది. తర్వాత 1966, 1970, 1975, 1984, 2002, 2016ల్లో మారింది. 2016 నాటి పుస్తకం దేశాన్ని 2 నుంచి 5 వరకు నాలుగు జోన్లుగా విడగొడుతుంది. ఒక్కో జోనుకు ఒక గుణకం: 0.10, 0.16, 0.24, 0.36. ఆ పుస్తకం ప్రకారం విజయవాడది జోన్-3, గుణకం 0.16. హైదరాబాద్, విశాఖపట్నం జోన్-2లో ఉన్నాయి. అంటే భూకంపం విషయంలో కాగితం మీద మనం విశాఖ కంటే ఒక మెట్టు పైన ఉన్నాం. ఈ సంగతి మన దగ్గర చాలామందికి తెలియదు.

0.16 అంటే, ఈ జోన్‌లో లెక్కలోకి తీసుకున్న అతిపెద్ద కుదుపుకు నేల పక్కకు జరిగే త్వరణం గురుత్వాకర్షణలో 16 శాతం దాకా ఉండొచ్చని. మామూలు ఇళ్ల డిజైనులో అందులో సగం, 8 శాతం, తీసుకుంటారు.

ఈ పటం గీసిన పద్ధతి తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. గతంలో ఎక్కడెక్కడ ఎంత కుదుపు వచ్చింది, అక్కడి భూగర్భ నిర్మాణం ఏమిటి అన్నవి చూసి గీశారు. అందుకే పటం చాలాసార్లు భూకంపం వెనక నడిచింది. మొదట్లో పటంలో సున్నా జోన్ అని కూడా ఒకటి ఉండేది. 1967 డిసెంబర్‌లో మహారాష్ట్రలోని కోయనా దగ్గర 6 దాటిన భూకంపం వచ్చి 180 మంది దాకా చనిపోయాక, 1970లో పటం మార్చారు. సున్నా జోన్ పోయింది, కోయనా జోన్-4కు ఎక్కింది. తర్వాత 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున, గణేశ నిమజ్జనం చేసి పడుకున్న ఊళ్ల మీద, అదే మహారాష్ట్రలో, కిల్లారి భూకంపం విరుచుకుపడింది. మాగ్నిట్యూడ్ 6.2. వేల మంది చనిపోయారు. ఆ ఊరు అప్పటికి జోన్-1లో, అంటే దేశంలోకెల్లా భద్రమనుకున్న జోన్‌లో ఉంది. 2002లో జోన్-1నే తీసేసి జోన్-2లో కలిపారు.

కాబట్టి జోన్ అంకెను కనీస హెచ్చరికగా తీసుకోవాలి. అంతకు మించి రాదన్న హామీగా తీసుకోకూడదు.

కంచు గంట లాంటి పాత రాయి

భారత ఫలకం ఏడాదికి దాదాపు 5 సెంటీమీటర్ల చొప్పున ఈశాన్యానికి జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ తాకిడి హిమాలయాల దగ్గర జరుగుతున్నా, ఒత్తిడి ఫలకం అంతటా పాకుతుంది. దక్కను పీఠభూమి పాతది, గట్టిది. దాని మధ్యలో అక్కడక్కడా పాత గాయాలున్నాయి. ఒత్తిడి పెరిగినప్పుడు కదిలేది ఆ గాయాల దగ్గరే.

అలాంటి రెండు పెద్ద గాయాలు మన దగ్గర కలుస్తాయి. ఒకటి ప్రాణహిత, గోదావరి లోయ. పాత రాళ్ల మధ్య వాయువ్యం నుంచి ఆగ్నేయానికి కుంగిన పొడవాటి పల్లం ఇది. సింగరేణి బొగ్గంతా దానిలో పేరుకున్నదే. రెండోది కృష్ణా గోదావరి బేసిన్. భారత భూభాగం అంటార్కిటికా వైపు నుంచి విడిపోయిన కాలంలో తీరం వెంబడి చీలి, కుంగి ఏర్పడింది. ఇది నైరుతి నుంచి ఈశాన్యానికి ఉంటుంది. ఈ రెండూ దాదాపు అడ్డంగా తగులుకుంటాయి. డెల్టా పైకి చదునుగా పచ్చగా కనిపిస్తుంది గానీ, దాని కింద మెట్లు మెట్లుగా కుంగిన పల్లాలు, మధ్యలో లేచిన గట్లు ఉన్నాయి. బాపట్ల గట్టు, తణుకు గట్టు, గుడివాడ పల్లం అనేవి చమురు వెతికేవాళ్లకు బాగా తెలిసిన పేర్లు. ఒంగోలు వైపు గుండ్లకమ్మ నది వెంబడి మరో పగులు ఉంది.

ఈ పగుళ్లు నిద్రలో లేవని మన కాలంలోనే రుజువైంది. 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 వచ్చింది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 వచ్చింది. ఒంగోలు గుంటూరుకు వంద కిలోమీటర్ల లోపు, భద్రాచలం విజయవాడకు 150 కిలోమీటర్ల లోపు. 2024 నాటి ములుగు భూకంపం కూడా ఆ గోదావరి లోయ పరిసరాల్లోదే. రెండేళ్ల తేడాతో రెండు, తర్వాత 55 ఏళ్లకు ఇంకొకటి. ఈ వరస చూసి "55 ఏళ్లకోసారి వస్తుంది" అని లెక్క కట్టడానికి వీల్లేదు. ఇవి గడియారం చూసుకుని రావు.

ములుగులో కదిలితే విజయవాడ ఎందుకు ఊగింది? పాత, చల్లారిన, గట్టి రాయిలో తరంగాలు తొందరగా చావవు. కంచు గంటను ఒక చోట కొడితే మొత్తం మోగినట్టు, దక్కను రాయి కంపనాన్ని దూరం మోసుకుపోతుంది. దూరం పోయే కొద్దీ చిటపటలాడే వేగమైన కంపనాలు ముందు అరిగిపోతాయి, నెమ్మదిగా ఊగే పొడవాటి తరంగాలు మిగులుతాయి. ఎత్తైన భవనాలు సహజంగా ఊగేదీ ఆ నెమ్మది లయలోనే. అందుకే దూరపు భూకంపాన్ని ఐదో అంతస్తులో మంచం మీద ఉన్నవాళ్లు గుర్తుపడతారు, కింద స్కూటర్ మీద పోయేవాళ్లకు తెలియకపోవచ్చు. దగ్గర్లో, తక్కువ లోతులో వచ్చేదాని సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. వేగమైన కంపనాలు అరిగిపోకముందే చేరతాయి కాబట్టి వన్‌టౌన్‌లోనో, పాతగుంటూరులోనో ఉన్న పొట్టి, బిరుసు గోడల పాత ఇళ్ల మీద దాని దెబ్బ ముందు పడుతుంది. ఒకే ఊరు, రెండు రకాల భూకంపాలు, రెండు రకాల ఇళ్లకు చేటు. జోన్ అంకెలో ఈ తేడా ఎక్కడా కనిపించదు.

పులిచింతల చుట్టూ వణుకు

2020 జనవరి 26 అర్ధరాత్రి దాటాక రెండున్నర ప్రాంతంలో సూర్యాపేట జిల్లా చింతలపాలెం, మేళ్లచెరువు వైపు 4.6 భూకంపం వచ్చింది. జగ్గయ్యపేట, నందిగామ, గుంటూరు జిల్లా పల్లెలు అన్నీ ఉలిక్కిపడ్డాయి. దానికి ముందూ వెనకా ఆ చుట్టుపక్కల ఎన్నో చిన్న ప్రకంపనలు వచ్చాయి. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) వాళ్లు అక్కడ పరికరాలు పెట్టి నమోదు చేశారు. పక్కనే పులిచింతల ప్రాజెక్టు, 45.77 టీఎంసీల సామర్థ్యం. డ్యాం నీళ్ల వల్లే ఇది వచ్చిందని కొందరు, డ్యాంకు ముప్పని ఇంకొందరు అన్నారు.

జలాశయం భూకంపాన్ని రేపగలదన్నది కట్టుకథ కాదు. కోయనాలో 1962 నుంచి నీళ్లు నిలిపాక ప్రకంపనలు మొదలయ్యాయి, ఐదేళ్లకు పెద్దది వచ్చింది, ఇప్పటికీ చిన్నవి వస్తూనే ఉన్నాయి. నీటి బరువు ఒక కారణం. అంతకంటే ముఖ్యమైనది, రాతి పగుళ్లలోకి ఇంకిన నీటి పీడనం. రెండు రాతి ముఖాలు ఒకదాన్నొకటి గట్టిగా అదుముకుని ఉన్నంతకాలం జారవు. మధ్యలో నీటి పీడనం పెరిగితే ఆ పట్టు సడలుతుంది. అయితే నీళ్లు కొత్తగా ఒత్తిడిని పుట్టించవు. అప్పటికే తెగడానికి సిద్ధంగా ఉన్న పగులును కాస్త ముందుగా జారుస్తాయి. అలాంటి పగులు కింద లేకపోతే ఎంత పెద్ద జలాశయమైనా ఏమీ చేయదు. పులిచింతల కంటే ఎన్నో రెట్లు పెద్దదైన నాగార్జునసాగర్ 1967 నుంచి నీళ్లు నిలుపుతున్నా అక్కడ కోయనా లాంటిది జరగలేదు. కాబట్టి "డ్యాం ఉంది, అందుకే వచ్చింది" అనేస్తే సరిపోదు. నీటిమట్టం పెరిగిన, తగ్గిన రోజుల పక్కన ప్రకంపనల లోతు, చోటు, సంఖ్య పెట్టి ఏళ్ల తరబడి పోల్చి చూడాలి.

ఇక్కడ ఇంకో మాట బాగా ప్రచారంలో ఉంది. "చిన్నచిన్నవి వస్తుంటే మంచిదే, ఒత్తిడి పోతుంది, పెద్దది రాదు" అని. ఇది తప్పు, నమ్మితే చేటు చేసే తప్పు. మాగ్నిట్యూడ్ ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. రెండు అంకెలకు దాదాపు వెయ్యి రెట్లు. ఒక 5 మాగ్నిట్యూడ్ భూకంపంలో పోయే శక్తి 3 మాగ్నిట్యూడ్ ప్రకంపనల ద్వారా పోవాలంటే అవి వెయ్యి రావాలి. ప్రకృతిలో వాటి నిష్పత్తి అలా లేదు. ఎక్కడైనా ఒక 5కు పది 4లు, వంద 3లు చొప్పున వస్తాయి. చిన్నవాటితో పెద్దదాని శక్తి కరిగిపోవడం లెక్క ప్రకారమే కుదరదు.

దీనికి ఎదురు మాట కూడా అంతే తొందరపాటు. చిన్నవి వరసగా వస్తే వెనక పెద్దది వస్తుందనుకోవడం సరికాదు. ప్రపంచంలో ఇలాంటి గుంపు ప్రకంపనల్లో ఎక్కువ భాగం వచ్చి, కొన్ని వారాలో నెలలో ఉండి, చల్లారిపోతాయి. కానీ కిల్లారిలో 1993కు ముందు ఏడాదే చిన్న ప్రకంపనలు వచ్చాయి, జనం భయపడ్డారు, తర్వాత సద్దుమణిగాయి, తర్వాత ఆ తెల్లవారుజాము వచ్చింది. కాబట్టి ముండ్లమూరు, చింతలపాలెం లాంటి చోట్ల చేయాల్సిన పని ఒకటే. పరికరాలు అక్కడే ఉంచాలి, వార్తల్లోంచి పోయాక కూడా తీసేయకూడదు. ఆ ఊళ్లలో మట్టి గోడల మీద బరువైన పైకప్పులు ఉన్న ఇళ్లను ముందు బాగు చేయాలి. కిల్లారిలో జనాన్ని చంపింది మట్టితో పేర్చిన లావాటి రాతి గోడలు, వాటి మీది మట్టి మిద్దెలు.

ముప్పును అంకెల్లో ఎలా పెడతారు

ఒక ఊరికి భూకంప ముప్పు అంచనా వేయమంటే నిపుణులు ముందు ఆ ఊరి చుట్టూ 300 కిలోమీటర్ల దాకా ఉన్న భూకంపాల చిట్టా తయారు చేస్తారు. పాతవాటికి పరికరాల రికార్డులు ఉండవు. ఏ ఊళ్లో గోడలు పడ్డాయి, ఎక్కడ గంటలు మోగాయి అన్న రాతల నుంచి మాగ్నిట్యూడ్ ఊహించాలి. తర్వాత ఆ చిట్టాలోంచి అనుకంపనలను, అంటే పెద్దదాని వెనకే వచ్చే చిన్నవాటిని, తీసేస్తారు, లేకపోతే ఒకే సంఘటన వందసార్లు లెక్కలోకి వస్తుంది. చుట్టుపక్కల పగుళ్లను పటంలో పెట్టి, ఏ పగులు మీద ఎంత పెద్దది, ఎంతకాలానికి ఒకటి రావచ్చో లెక్క కడతారు. అక్కడ కదిలితే ఇక్కడికి ఎంత కుదుపు చేరుతుందన్నది మరో సూత్రం. వీటన్నిటినీ కలిపితే వచ్చేది "రేపు వస్తుంది" అన్న జోస్యం కాదు, ఒక సంభావ్యత.

సాధారణంగా చెప్పేది ఇలా ఉంటుంది: 50 ఏళ్లలో ఈ కుదుపును దాటే అవకాశం 10 శాతం. దీన్నే 475 ఏళ్ల కుదుపు అని కూడా అంటారు. ఈ రెండో పేరు జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. 475 ఏళ్లకోసారి అంటే మన జీవితంలో రాదులే అనిపిస్తుంది. కానీ మీ అపార్ట్‌మెంటు 50 ఏళ్లు నిలబడితే, ఆ కాలంలో ఆ కుదుపును చూసే అవకాశం పదింట ఒకటి. ఇల్లు కొనేటప్పుడు ఎవరైనా "ఇందులో పదింట ఒక వంతు ఈ ఇబ్బంది ఉంది" అంటే మనం తేలిగ్గా తీసుకోం కదా.

మన ప్రాంతానికి వచ్చే ఇబ్బంది ఎక్కడంటే, లెక్క 475 ఏళ్లది, నమ్మదగిన పరికరాల రికార్డు 60 ఏళ్ల చిల్లరది. హిమాలయాల్లో తరచుగా వస్తాయి కాబట్టి తక్కువ కాలంలోనే సరుకు దొరుకుతుంది. మనకు అరుదుగా వస్తాయి, కాబట్టి చిట్టా పలచన. అరుదుగా రావడమే మన అదృష్టం, మన అంచనాకు బలహీనత కూడా. 2016 నాటి ఐఎస్ 1893 జోన్ పటం ఈ సంభావ్యత పద్ధతిలో గీసింది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇంటి కింద మట్టి

అసలు విషయం ఇక్కడుంది. విజయవాడ ఒకే ఊరైనా, కింద నేల ఒకటి కాదు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల కొండలు తూర్పు కనుమల పాత రాయి. గుహలు తొలిచింది ఆ రాయిలోనే. ఆ కొండ దిగి తూర్పుకు నాలుగైదు కిలోమీటర్లు పోతే పటమట, కానూరు, పోరంకి వస్తాయి, కింద కృష్ణ తెచ్చి పోసిన ఒండ్రు, ఇసుక, బంకమట్టి పొరలు. డెల్టా లోపలికి పోయే కొద్దీ ఆ పొరలు లావెక్కుతాయి. కృష్ణలంక, రామలింగేశ్వర నగర్ నదిని ఆనుకునే ఉన్నాయి. గుంటూరు డెల్టా అంచున ఉంది. పడమటికి పేరేచర్ల, కొండవీడు వైపు రాతి నేల, తూర్పుకు తెనాలి వైపు పూర్తి ఒండ్రు. మధ్యలో నల్లరేగడి.

తరంగం గట్టి రాయి లోంచి మెత్తటి మట్టిలోకి వచ్చినప్పుడు వేగం తగ్గుతుంది, ఊపు పెరుగుతుంది. 1985లో మెక్సికో నగరానికి 350 కిలోమీటర్ల అవతల తీరంలో భూకంపం వస్తే, పాత చెరువు మట్టి మీద కట్టిన పేటల్లో మధ్యరకం ఎత్తు భవనాలు వందల్లో కూలాయి. అదే నగరంలో గట్టి నేల మీద ఉన్నవి నిలబడ్డాయి.

మన ప్రమాణం కూడా దీన్ని ఒప్పుకుంటుంది. నేలను గట్టిది, మధ్యరకం, మెత్తనిది అని మూడుగా చూస్తుంది. ఒకసారి ఊగడానికి ఒక సెకను పట్టే ఎత్తైన భవనానికి గట్టి నేల మీద లెక్క 1.00 అయితే, మధ్యరకం మీద 1.36, మెత్తటి నేల మీద 1.67. అంటే జోన్ మారకుండానే, నేల మారినంత మాత్రాన పక్కకు తోసే బలం మూడింట రెండు వంతులు పెరిగింది. జోన్-2 నుంచి జోన్-3కు పోతే పెరిగేది 60 శాతం. మొగల్రాజపురం కొండ పక్క నుంచి కానూరు ఒండ్రు మీదికి మారిన ఎత్తైన భవనం, ఈ లెక్కన ఒక జోన్ పైకి ఎక్కినట్టే.

ఇక నీళ్లతో నానిన వదులు ఇసుక ఉన్న చోట ఇంకో సమస్య. గట్టి కుదుపు కాసేపు ఆగకుండా ఉంటే ఇసుక రేణువుల మధ్య నీటి పీడనం పెరిగి, రేణువులు ఒకదాని మీద ఒకటి ఆనుకోవడం మానేస్తాయి. నేల ద్రవంలా మారిపోతుంది. భవనం విరగకుండానే ఒక పక్కకు కుంగి ఒరిగిపోతుంది. 1964లో జపాన్‌లోని నీగటాలో అపార్ట్‌మెంట్లు అలా పక్కకు పడుకున్నాయి. 5 కంటే చిన్న భూకంపాలకు ఇది సాధారణంగా జరగదు. కానీ భూగర్భ జలం పైనే ఉండే నది ఒడ్డున, కాలువ గట్ల వెంబడి, రేపల్లె, బాపట్ల తీరం వైపు ఇసుక పొరలు ఉన్నాయి కాబట్టి నేల పరీక్ష చేయకుండా పునాది వేయకూడదు. బోరు వేసి, ప్రామాణిక బరువును నిర్ణీత ఎత్తు నుంచి వదులుతూ గొట్టం దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెడతారు. తక్కువ దెబ్బలకే దిగిపోతే ఆ నేల వదులు. ఇంకో పద్ధతిలో ఇనప పలక మీద సుత్తితో కొట్టి, వరసగా పెట్టిన జియోఫోన్లలో (నేల కంపనాన్ని పట్టే పరికరాలు) తరంగం ఎంత వేగంగా చేరిందో చూస్తారు. రెండూ ఖరీదైనవేమీ కావు.

కొండల మీది ఇళ్ల గురించి ఒక్క మాట. రాతి మీద ఉన్నాం కాబట్టి భద్రం అనుకోవడానికి లేదు. 2024 ఆగస్టు 31న వానకే మొగల్రాజపురం సున్నపుబట్టీల దగ్గర కొండచరియలు జారి ప్రాణాలు పోయాయి. వదులైన బండల కింద ఉన్నవాళ్లకు కుదుపు కూడా అదే పని చేయగలదు.

నల్లరేగడి విషయంలో మాత్రం అనవసర భయం ఒకటి ఉంది. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని ఏటా గోడలను చీలుస్తుంది. ప్రకంపన వార్త వచ్చిన రోజు చాలామంది మొదటిసారి గోడ కేసి పరీక్షగా చూసి, ఎప్పటినుంచో ఉన్న పగులును భూకంపం ఖాతాలో వేస్తారు.

20 శాతం 4 శాతంగా ఎలా మారింది

ఇది ఇంజినీర్లు తమలో తాము మాట్లాడుకునే లెక్క. ఇల్లు కొనేవాళ్లకు కూడా తెలియాలి.

విజయవాడలో ఒక మామూలు అపార్ట్‌మెంటును తీసుకోండి. గుణకం 0.16లో సగం 0.08. మరీ ఎత్తు లేని భవనం కాబట్టి నేల కుదుపు కంటే అది రెండున్నర రెట్లు ఎక్కువ స్పందిస్తుందని ప్రమాణం చెబుతుంది. 0.08ని 2.5తో గుణిస్తే 0.20. అంటే భవనం ఏమాత్రం పగలకుండా తట్టుకోవాలంటే, దాని బరువులో 20 శాతం బలం పక్క నుంచి తోసినా నిలబడాలి. భవనం బరువు 2,000 టన్నులైతే 400 టన్నుల తోపు. దానికి సరిపడా కట్టాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకని ప్రమాణం ఆ అంకెను 5తో భాగిస్తుంది. మిగిలింది 0.04. డిజైన్ చేసేది 80 టన్నులకు.

మిగతా 320 టన్నుల సంగతేంటి? కాంక్రీటు పగులుతుంది, ఊస సాగుతుంది, కానీ విరగకుండా వంగుతూ ఆ శక్తిని మింగేస్తుంది, భవనం దెబ్బతిన్నా కూలదు, మనుషులు బతికి బయటపడతారు అన్నదే నమ్మకం. 5తో భాగించే హక్కు ఆ సాగే గుణం వల్ల వచ్చింది. ఆ సాగే గుణం ఎలా వస్తుందో ఐఎస్ 13920 అనే మరో ప్రమాణంలో రాసి ఉంది, జోన్-3 నుంచి పైకి అది తప్పనిసరి. పిల్లరు పై కొసనా కింది కొసనా కనీసం అడుగున్నర మేర రింగుల మధ్య ఎడం నాలుగంగుళాలు దాటకూడదు. రింగు కొసలను 90 డిగ్రీల దగ్గర ఆపకుండా 135 డిగ్రీలు లోపలికి వంచి, కాంక్రీటు గుండెలోకి దించాలి. 90 డిగ్రీలకు వంచిన రింగు, పైపెచ్చు రాలగానే విచ్చుకుంటుంది. అది విచ్చుకుంటే లోపలి నిలువు ఊసలు బయటికి వంగిపోతాయి, పిల్లరు నలిగిపోతుంది. సెంట్రింగ్ బిగించే ముందు రోజు సైటుకు వెళ్లి చూస్తే ఇది కంటికి కనిపించే విషయం. కాంక్రీటు పోశాక ఎవరూ చూడలేరు.

ఊస వంచే మనిషి ఇంకో 45 డిగ్రీలు వంచడానికి పట్టే కష్టం ఎక్కువే, కూలీ మాత్రం పెరగదు. మేస్త్రికి ఆ పని ఎందుకో చెప్పేవాళ్లు సైటులో ఉండాలి, దానికి సరిపడా డబ్బు ఇవ్వాలి. ఇది పనివాళ్ల తప్పు కాదు. డిజైన్ కాగితం మీద 5తో భాగించి, సైటులో ఆ 5ను సంపాదించిపెట్టే పనికి ఖర్చు పెట్టకపోవడం తప్పు.

రెండోది స్టిల్ట్ పార్కింగ్. బెంజ్ సర్కిల్ నుంచి లక్ష్మీపురం దాకా మన అపార్ట్‌మెంట్లన్నీ దాదాపు ఒకే రూపం: కింద ఖాళీ పిల్లర్లు, కార్లు. పైన గదులు, ఇటుక గోడలు. పై అంతస్తులు గోడల వల్ల బిరుసుగా ఒకే దిమ్మెలా కదులుతాయి. వంగాల్సిన భారమంతా కింది అంతస్తు పిల్లర్ల మీద పడుతుంది. 2001 జనవరి 26న భుజ్ దగ్గర 7.7 వచ్చినప్పుడు, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో పదుల కొద్దీ బహుళ అంతస్తుల భవనాలు కూలి వందల మంది చనిపోయారు. చాలావాటిలో కింద స్టిల్ట్ పార్కింగే. కింద సబర్మతి ఒండ్రు. అహ్మదాబాద్ జోన్ ఎంతో తెలుసా? మూడు. మనదే.

పోలిక అక్కడితో ఆపాలి. భుజ్ ఉన్న కచ్ జోన్-5, అక్కడ 7.7 పుట్టించగల పగుళ్లున్నాయి. మన చుట్టూ నమోదైనవాటిలో పెద్దవి 5 దాటి 6 లోపు ఉన్నవే. కానీ నది ఒండ్రు, స్టిల్ట్ పార్కింగ్, జోన్-3 మీది నిశ్చింత, ఈ మూడూ ఒకే చోట కలిస్తే ఏమవుతుందో ఆ నగరం చూపించింది. దాని తర్వాతే 2002 ప్రమాణంలో స్టిల్ట్ అంతస్తు పిల్లర్లను రెండున్నర రెట్లు బలానికి డిజైన్ చేయాలన్న నిబంధన వచ్చింది. మన ఊళ్లలో అంతకు ముందే కట్టిన అపార్ట్‌మెంట్లు ఎన్నో ఉన్నాయి. వాటిని పడగొట్టక్కర్లేదు. పార్కింగ్‌లో కార్లకు అడ్డం రాని మూలల్లో, రెండు దిక్కుల్లోనూ పునాది నుంచి కాంక్రీటు గోడలు లేపవచ్చు, పిల్లర్ల చుట్టూ కొత్త ఊస కట్టి మందం పెంచవచ్చు. స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క కట్టి చెప్పాల్సిన పని ఇది. రంగులు వేయించడానికి చందా వేసుకున్నట్టే అసోసియేషన్ దీనికీ వేసుకోవచ్చు.

కొత్తగా కొనేవాళ్లు బిల్డర్‌ను మూడు కాగితాలు అడగండి: సాయిల్ రిపోర్టు, ఐఎస్ 13920 ప్రకారం రింగుల వివరాలున్న స్ట్రక్చరల్ డ్రాయింగు, స్టిల్ట్ అంతస్తుకు విడిగా చేసిన లెక్క. పై అంతస్తులో మొదలై కింద నేలదాకా రాకుండా బీము మీదే ఆగిపోయిన పిల్లరు ఏదైనా ఉందేమో చూడండి. ఇరుకు స్థలాల్లో పై గదులను రోడ్డు మీదికి జరిపినప్పుడు ఇవి పుడతాయి. ఉంటే ఆ ఫ్లాటు వద్దు.

ఊరికి ఒక మట్టి పటం

జబల్‌పూర్, గువాహటి, ఢిల్లీ, బెంగళూరు లాంటి నగరాలకు సూక్ష్మ మండలీకరణ చేశారు. అంటే నగరాన్ని చిన్న గళ్లుగా విడగొట్టి, ఏ గడిలో నేల ఎంత ఊపు పెంచుతుంది, ఎక్కడ ఇసుక ద్రవంలా మారవచ్చు అని పటం గీయడం. విజయవాడ, గుంటూరు, మధ్యలో లేస్తున్న అమరావతి, ఈ మూడింటికీ కలిపి అంత వివరంగా, మామూలు మనిషి తన వీధిని వెతుక్కుని చూసేలా ఒక పటం కావాలి.

దీనికి కొత్తగా వేల బోర్లు వేయక్కర్లేదు. ఈ ప్రాంతంలో ఏళ్లుగా ఫ్లైఓవర్లకు, వంతెనలకు, ఆస్పత్రులకు, ఎత్తైన అపార్ట్‌మెంట్లకు వేసిన బోర్ల రిపోర్టులు ఫైళ్లలో ఉన్నాయి. ఒక్కో రిపోర్టులో ఏ లోతులో ఏ మట్టి, ఎన్ని దెబ్బలకు గొట్టం దిగింది, నీళ్లు ఎంత లోతులో తగిలాయి అన్నవన్నీ ఉంటాయి. పని పూర్తయ్యాక ఆ కాగితం ఎవరికీ పనికిరాకుండా పడి ఉంటుంది. కట్టడానికి అనుమతి ఇచ్చేటప్పుడే సాయిల్ రిపోర్టును అక్షాంశ రేఖాంశాలతో సహా ఆన్‌లైన్‌లో పెట్టాలని ఒక నిబంధన చాలు. పాత ఫైళ్లను ఎక్కించే పని ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విద్యార్థులకు ప్రాజెక్టుగా ఇవ్వచ్చు. ఖాళీగా మిగిలిన గళ్లలో మాత్రమే కొత్త బోర్లు వేస్తే సరిపోతుంది. ఆ వరసలో ముందు నది ఒడ్డు కాలనీలు, బందరు రోడ్డు వెంబడి ఎత్తైన భవనాలు లేస్తున్న ఒండ్రు నేలలు, ఆ తర్వాత ఆస్పత్రులు, స్కూళ్లు ఉన్న చోట్లు రావాలి.